పటంలో తిన్నని అంచు

తెర మీది వెలుగు మచ్చకు కుడివైపు అంచు కత్తితో కోసినంత తిన్నగా ఉంది. సమావేశానికి ఇంకా యాభై నిమిషాలే.

"ఆకాశం స్కేలు పట్టుకుని గీతలు గీయదు చిట్టీ," అన్నాడు పక్క కుర్చీలోని ప్రోగ్రామర్. దేన్నీ ఓ పట్టాన నమ్మడని ఆఫీసంతా అతన్ని అనుమానం మాస్టారు అంటుంది.

చిట్టికి నవ్వు రాలేదు. మన గెలాక్సీ నడిబొడ్డుకు దగ్గర్లో ఎవరూ చూడని గామా వెలుగును కనిపెట్టానని ఆమె ఇవాళ కమిటీకి చెప్పాలి. మూడేళ్ల చాకిరీ. వాళ్లు ఒప్పుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, లేదంటే నెలాఖరుకు బల్ల ఖాళీ చేయాలి.

ముందు అంతరిక్షంలోని టెలిస్కోపును అనుమానించారు. భూమి వాతావరణం నుంచి వచ్చే కిరణాలను ఎప్పుడో తీసేశారు. చంద్రుడి వెలుగూ తీసేశారు. పదేళ్ల సమాచారాన్ని ఏడాదికో ముక్కగా విడగొట్టి చూస్తే, ప్రతి ముక్కలోనూ అదే అంచు, అదే చోట. టెలిస్కోపు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. లోపం దానిదే అయితే అంచూ కదలాలి.

"అయితే మనం తీసేసిన లెక్కలోనే ఉంది తిరకాసు," అన్నాడు మాస్టారు.

గెలాక్సీలో దూసుకుపోయే కణాలు వాయువును ఢీకొంటే గామా వెలుగు పుడుతుంది. ఎక్కడెంత వాయువుందో తెలిస్తే ఎంత వెలుగు రావాలో లెక్కగట్టొచ్చు. కనబడిన వెలుగులోంచి ఆ లెక్క తీసేయగా మిగిలిందే చిట్టి మచ్చ. వాయువును తక్కువ చూపిస్తే చాలు, మామూలు వెలుగే కొత్త వింతలా మిగిలిపోతుంది.

ఆ వాయువు పటం చిట్టి మేనత్త తయారుచేసింది. రేడియో టెలిస్కోపుతో, ఇరవై ఏళ్ల కిందట. ఇప్పుడు ఈ విభాగానికి ఆవిడే అధిపతి, చిట్టికి ఈ పని నేర్పిందీ ఆవిడే. ఆ పటాన్ని అందరూ వాడతారు, తిరిగి చూడాలని ఎవరికీ తోచదు.

చిట్టి పటాన్ని పెద్దది చేసింది. చుట్టూ వాయువు ముద్దలు ముద్దలుగా, చిందరవందరగా ఉంది. ఒక్క పట్టీ మాత్రం ఇస్త్రీ చేసినంత నున్నగా ఉంది, దాని అంచు సరిగ్గా మచ్చ అంచు ఉన్నచోటే. అక్కడ ఎవరూ కొలవలేదు. రెండు పక్కల విలువలు చూసి మధ్యలో నింపేశారు. పాత ఫైలు తెరిస్తే, ఆ రోజుల్లో రేడియో టెలిస్కోపు మరమ్మతులో ఉందని, ఇది ప్రస్తుతానికి మాత్రమేనని ఒక వాక్యం. కింద మేనత్త పొడి సంతకం.

ఆవిడకు ముందే చెబుదామని ఫోన్ చేసింది. కమిటీ వాళ్లతో ఉన్నట్టుంది, ఎత్తలేదు. వంట్లో బాగాలేదని చెప్పి ఇవాళ్టికి తప్పించుకోమన్నాడు మాస్టారు. రేపు తప్పించుకోవడానికి ఏం చెప్పాలని అడిగి చిట్టి లేచింది.

సమావేశ గదిలో పదకొండు మంది ఉన్నారు. కొత్త వెలుగు ఏదీ లేదని చిట్టి మొదటి మాటలోనే చెప్పేసింది. పట్టీని తెర మీద పెట్టి, కొలవని చోటును కొలిచినట్టు పూడ్చారని వివరించింది. ఎవరో పెన్ను మూత పెట్టేశారు.

మేనత్త ముందు వరుసలోంచి లేచి కళ్లజోడు సర్దుకుంది. తెర దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. ఆ ముఖంలో దాపరికం లేదు, నిజంగానే గుర్తు లేదు. అది చిట్టికి ఇంకా కష్టమైంది.

"ఇంత బాధ్యత లేకుండా పూడ్చిందెవరు? ఇరవై ఏళ్లుగా అందరం దీన్నే నమ్ముతున్నామే. పేరు చెప్పు."

చిట్టి తెర వదిలి ఆవిడ వైపు తిరిగింది.

"నువ్వే, అత్తా."