వాన ఎలిసేదాక

మా అత్తమ్మ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆమె ఎన్నడూ తప్పు చేయదు. కూరలో ఉప్పు తక్కువైందనే అత్త అయితే సర్దుకోవచ్చు, ఇంకాస్త ఉప్పేస్తే అయిపోతుంది. తప్పే చేయని మనిషితో ఒకే వంటింట్లో ఇరవై ఏళ్లు ఉండడం అలా కాదు. ఇంట్లో జరిగే తప్పులన్నీ మిగిలినవాళ్లు పంచుకోవాలి. మా ఇంట్లో మిగిలినవాళ్లం తక్కువ. నా వాటాకు దండిగానే వచ్చాయి.

అందులోనూ వాన సంగతి వేరు. అత్తమ్మ పేరు అనంతమ్మ, పుట్టిల్లు న్యాల్‌కల్ దిక్కు మెట్ట ఊరు. మొగులు చూసి వాన సంగతి చెప్పడం రానివాడికి ఆ ఊళ్లో పిల్లను కూడా ఇయ్యరట, ఆమే చెబుతుంది. జహీరాబాద్‌లో మా గల్లీ మొత్తం ఆమె మాట మీదే బట్టలు ఆరేస్తుంది. ఎదురింటి ఉమ్రావ్ బేగం డాబా మీద మిరపకాయలు పోసే ముందు పిట్టగోడ మీంచి కేకేస్తుంది, "అనంతమ్మా, ఇయ్యాల ఎట్లుంది?" అని. అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, తలెత్తి, డాక్టరు నాలుక చూసినట్టు ఆకాశాన్ని చూసి, "ఫికర్ లేదు, పోసుకో" అంటుంది. చాలాసార్లు నిజంగానే ఫికర్ ఉండదు. ఎప్పుడైనా మిరపకాయలు తడిసి ముద్దయితే, "నేను సరిగ్గనే చెప్పిన. వాననే ఏళ గాని ఏళ వచ్చింది" అంటుంది. ఉమ్రావ్ బేగం కూడా వాననే తిడుతుంది. అదీ మా అత్తమ్మ పరపతి.

దీనివల్ల నాకొచ్చిన నష్టం ఏమిటంటే, పెళ్లయినప్పట్నుంచి నేను చూసినవన్నీ అయిపోయినంక చూసినవే. "ఎండ దిగనీ", "వాన ఎలవనీ" అని ఆమె గడప దగ్గర నన్ను ఆపుతుంది. పెళ్లికి పోతే అక్షింతలు పడ్డంక, జాతరకు పోతే తేరు వచ్చి నిలబడ్డంక. డిగ్రీలో నాది చరిత్ర. అయిపోయినవాటిని చదువుకున్నందుకు జీవితం కూడా అలాగే కుదిరిందని అప్పుడప్పుడూ నవ్వుకునేదాన్ని.

కిందటి వేసవిలో మా ఆయన రాజేశ్వర్‌కు ఓ బహుమతి వచ్చింది. ఆయనది ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ దుకాణం. ఇంజన్ ఆయిల్ బాగా అమ్మినందుకు ఓ కంపెనీ ఇద్దరికి అలాస్కా ఓడ ప్రయాణం ఇచ్చింది. తీరా అది మిరుగం కార్తె ముందర పడింది. "విత్తనాలప్పుడు షటర్ దించితే గిరాకీ మొత్తం పక్క దుకాణానికి పోతది" అని ఆయన ఆగిపోయి, తన చోటు తల్లికిచ్చాడు. ఎయిర్‌పోర్టులో "అమ్మను ఒక్కదాన్ని ఇడువకు" అని నా చెవిలో చెప్పాడు. "నాగరాణిని జర చూసుకో అమ్మా, ఆగం కానియ్యకు" అని ఆమె చెవిలో చెప్పాడు. ఎవరిని ఎవరికి అప్పజెప్పాడో ఓడెక్కిందాకా మా ఇద్దరికీ తెలియలేదు.

ఓడ ఆగిన మొదటి ఊరు పేరు అత్తమ్మ నాలుకకు తిరగలేదు. చూసినంతసేపూ వానే కాబట్టి వానూరు అని పెట్టుకుంది. నీళ్ల మీద కట్టెకాళ్లపై నిలబడిన రంగురంగుల ఇళ్లు, వెనక చెట్లు తప్ప మట్టి కనిపించని కొండలు, కొండలకు సగం దాకా మొగులు. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఇంతేనట.

పొద్దున నాష్తా దగ్గరే కంపెనీ తరఫున మా గుంపును తిప్పుతున్న ప్రేమ్ కుమార్ ఒక సంగతి చెప్పాడు. ఆ తీరం వేల ఏళ్లుగా ట్లింగిట్ అనే జాతివాళ్లది. వాళ్లలో ఒక వంశంవాళ్లు కొత్తగా చెక్కిన దేవదారు స్తంభాన్ని ఆ రోజు రేవు ముందరే నిలబెడుతున్నారు. క్రేను పెట్టరు, తాళ్లతో గుంజుతారు. వచ్చినవాళ్లెవరైనా తాడు మీద చెయ్యి వేయొచ్చు. మధ్యాహ్నం దాటగానే ఓడ కదులుతుంది కాబట్టి అందరూ వేళకు తిరిగి రావాలి.

జరగబోయేదొకటి జరుగుతుండగానే చూసే వీలు నాకు దొరకడం అదే మొదటిసారి. టీ సగంలో వదిలి లేచాను.

ఓడ దిగి రేవు షెడ్డు కిందికి వచ్చామో లేదో, అత్తమ్మ బెంచీ మీద కూర్చుంది. ఇల్కల్ చీర, దాని మీద మా ఆయన స్వెట్టరు, కాళ్లకు సాక్సులు, సాక్సుల మీద హవాయి చెప్పులు.

"పోదామా అత్తమ్మా?"

"యాడికి? వాన కనవడ్తలేదా? ఎలవనీ."

"రెయిన్‌కోటు ఉంది కదా."

నేను జహీరాబాద్‌లోనే కొన్న పచ్చ రెయిన్‌కోటు ఆమె ఒళ్లో ఉంది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది. "గీ యూరియా సంచి నేనేసుకోవాలె? కూసో. పది నిమిషాలల్ల ఎలుస్తది. అటు సూడు, మొగులు పలుసగైతుంది."

నేను చూశాను. మొగులు దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటోంది.

షెడ్డు ముందు రోడ్డు, రోడ్డుకు అవతల గడ్డిమైదానం. అంతా ఎదురుగా కనిపిస్తోంది. చెక్కిన స్తంభం దిమ్మెల మీద పడుకుని ఉంది. మా దుకాణం ముందు ఆగే పెద్ద లారీకంటే పొడుగు. పైన ముక్కు పొడుచుకొచ్చిన పక్షి, దాని కింద పళ్లు బయటపెట్టిన ఎలుగుబంటి. తాళ్లు గడ్డి మీద బారుగా పరిచి ఉన్నాయి. జనం వస్తున్నారు. ఒక్కరి చేతిలో గొడుగు లేదు.

"అత్తమ్మా, తాళ్లు పరిచిన్రు."

"పరవనీ. తడిసిన తాడు ఎవరన్న గుంజుతరా? వాళ్లు గూడ వాన కోసమే సూస్తున్నరు." అని, ప్రేమ్ కుమార్ వైపు తిరిగింది. "బిడ్డా, గీ ఊళ్లె పడమర ఏ దిక్కు?"

ఎండ మొహమే చూడని ఊళ్లో ఆ పిల్లగాడికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఫోను తీసి గుండ్రంగా తిరిగి, "అటు ఆంటీ" అని కొండను చూపించాడు.

"కొండ అడ్డమున్నది, గాలి రాదు. గాలి లేకుంటే వాన నిలవది. ఇగ అయిపోయినట్టే."

అవతల డప్పు మోగడం మొదలైంది. ఒకటే డప్పు, గట్టిగా, తొందర లేకుండా. జనం రెండు వరసలుగా తాళ్ల పక్కన నిలబడ్డారు.

"మొదలు పెడుతున్నరు అత్తమ్మా."

"ఎలుస్తది అంటున్న గద. నా మాట ఎన్నడన్న తప్పిందా?"

ఇరవై ఏళ్లలో ఈ ప్రశ్నకు నేను ఎన్నడూ జవాబు చెప్పలేదు. నా రెయిన్‌కోటు గుండీలు పెట్టుకున్నాను. బ్యాగు ఆమె పక్కన పెట్టి, ప్రేమ్ కుమార్‌తో "తమ్ముడూ, అమ్మను జర చూస్తుండు" అన్నాను.

"అత్తమ్మా, మీరు వాన ఎలిసినంక రండ్రి. నేను పోతున్న."

"ఏమన్నవ్?"

"పోతున్న అన్న."

"తడుస్తవే."

"తడుస్త."

"సర్ది పడ్తది."

"పడనియ్యుండ్రి."

నాలుగో మాట ఆమెకు దొరికేలోపు నేను రోడ్డు దాటాను. మా ఆయనకు ఇచ్చిన మాట తప్పుతున్నానని తెలుసు. అయితే ఆయన ఒక్కదాన్ని వదలొద్దన్నాడు. ప్రేమ్ కుమార్ ఉన్నాడు కదా.

తాడు దగ్గర ఓ పెద్దావిడ నన్ను ఆపి, పైనుంచి కిందికి చూసింది. అత్తమ్మ ఈడుదే. నెత్తిన చెట్టుబెరడుతో అల్లిన వెడల్పు టోపీ. నీళ్లు దాని అంచుల నుంచి నలువైపులా జారుతున్నాయి కాని ఆవిడ మొహం పొడిగా ఉంది. పేరు డోరతీ అనీ, స్తంభం తమ వంశానిదేననీ చెప్పింది.

"ఒక్కదానివే వచ్చావా?"

"మా అత్తమ్మ షెడ్డులో ఉంది. వాన ఆగాక వస్తానంది."

నా ఇంగ్లీషు అర్థం కాలేదేమో అనుకున్నాను. బాగానే అర్థమైంది. ఆవిడ పక్కనున్న ఇద్దరు ముగ్గురికి ఆ మాట చెప్పింది, వాళ్లు వెనకవాళ్లకు చెప్పారు, నవ్వు వరస చివరిదాకా పోయింది. "వాన ఆగేదాకా ఆగితే మా అమ్మమ్మకు ఇంకా పెళ్లయ్యేది కాదు" అంది డోరతీ, నా చేతులు పట్టుకుని తాడు మీద పెడుతూ. "గట్టిగా పట్టుకో. నేను అరిచినప్పుడే గుంజు. ఊరికే గుంజకు."

తాడు నా మణికట్టంత లావుంది, చల్లగా ఉంది. డోరతీ అరిచింది. గుంజాం. స్తంభం కదల్లేదు. మళ్లీ అరిచింది. ఈసారి పక్షి ముక్కు దిమ్మె మీంచి లేచింది. కింద కాచుకున్నవాళ్లు వెంటనే దుంగలు ఊతం పెట్టారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నా బూట్లలోకి నీళ్లొచ్చాయి, మెడ నుంచి నడుం దాకా ఓ సన్నటి కాలువ పారుతోంది. నాకు ఏమీ చల్లగా లేదు.

మూడో గుంజుకు ముందు వెనక నుంచి ఎవరో నన్ను మోచేత్తో పొడిచారు.

"జరుగు."

అత్తమ్మ. పచ్చ రెయిన్‌కోటును ఆమె తొడుక్కోలేదు. నాట్లప్పుడు గోనెసంచిని మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటారు చూడండి, అచ్చం అలా ఒక మూలను ఇంకో మూలలోకి దోపి, నెత్తి నుంచి వీపు మీదికి వదిలింది. స్వెట్టరు తడవలేదు. సాక్సులు మాత్రం వదిలేసుకోవలసిందే. ఆమె వెనక ప్రేమ్ కుమార్, మా బ్యాగు మోసుకుంటూ, తడిసిన కోడిపిల్లలా ఉన్నాడు.

డోరతీ ఆ కొప్పెరను చూసింది. అత్తమ్మ ఆవిడ టోపీని చూసింది. ఇద్దరూ ఒకరి నెత్తిమీది పనితనాన్ని ఒకరు కాసేపు పరీక్ష చేసి, ఫరవాలేదన్నట్టు తల ఊపుకున్నారు.

అత్తమ్మ తాడు దాకా చెయ్యి చాపి ఆగింది. "అడుగు, ఆడోళ్లు ముట్టొచ్చా?" వరసలో సగం మంది ఆడవాళ్లే. అయినా నాకు అర్థమైంది. ఆమె పుట్టినూరు జాతరలో తేరు తాడు మగవాళ్లది. ఆడవాళ్లు దూరం నుంచి అరటిపండ్లు విసరాలి.

అడిగాను. "చేతులుంటే చాలు" అంది డోరతీ.

ఆ తర్వాత మా అత్తమ్మ గుంజిన తీరు నేను మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. మోకాళ్లు వంచి, మడమలు గడ్డిలో దిగేసి, డోరతీ కేకకు తన కేక కలిపి గుంజింది. వరసలో ముందున్న కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూశారు. గుంజినకొద్దీ స్తంభం లేచింది. లేచి లేచి, ఒక్కసారి గుంతలోకి జారి నిటారుగా నిలబడ్డప్పుడు కాళ్ల కింద నేల దడుమంది. డప్పు ఆగింది. పక్షి ముక్కు మీంచి వాననీళ్లు ధారగా కారుతున్నాయి.

అత్తమ్మ రెండు చేతులూ జోడించింది. "కొబ్బరికాయ కొట్టరా?"

డోరతీని అడిగి చెప్పాను. "దేవుడు కాదట అత్తమ్మా. వాళ్ల వంశం కథట. మొక్కడానికి కాదు, చెప్పడానికి పెట్టిన్రట."

"చెప్పడానికా?" అని పైదాకా మళ్లీ చూసింది. "మంచిగనే ఉన్నది."

అప్పుడు డోరతీ మైకు తీసుకుంది. చూసిన మనిషి నోటితో చెబితేనే జరిగింది జరిగినట్టు లెక్క, ఇది తమ పెద్దల పద్ధతి అంది. తాడు పట్టిన మీరంతా ఇవాళ సాక్షులు, చెప్పాలనుకున్నవాళ్లు చెప్పండి, ఏ భాషలోనైనా సరే అంది. ఓడలోంచి వచ్చిన ఒకాయన చాలా బాగుందన్నాడు. ఒకావిడ ఏడ్చి, థాంక్యూ అంది. నేను ఆ మాటలన్నీ అత్తమ్మ చెవిలో వేస్తున్నాను.

"మైకు గిటు ఇయ్యుమను," అంది అత్తమ్మ.

నాకు భయం వేసిందని చెప్పను. కుతూహలం కలిగింది.

కొప్పెర సర్దుకుని, మైకును రొట్టెలకర్రలా పట్టుకుంది. "నా పేరు అనంతమ్మ. జహీరాబాద్ నుంచి వచ్చిన. పండుకున్న కట్టె లేసి నిలవడంగ సూసిన. గుంజిన గూడ. ఆడోళ్లు, మొగోళ్లు అందరు గుంజిన్రు. ఇది నేను సూసింది."

పండుకున్న దుంగ లేచి నిలబడిందని నేను ఇంగ్లీషులో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మైకు ఇచ్చేస్తుందనుకుని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. షెడ్డు వైపు చూసింది. అక్కడ బెంచీ ఖాళీగా ఉంది.

"ఇంకొకటున్నది," అంది, గొంతు తగ్గించి. "ఆ రేకుల కింద కూసొని సూసిన. నా కోడలు ఒక్కతే పోయి తాడు పట్టింది. నేను ఆగుమన్న. గిన్నేండ్ల సంది ఆగుమంటనే ఉన్న." తర్వాతి మాట మైకు పక్కకు పెట్టి, గడ్డికి చెప్పింది.

"చివరికి ఏమంది?" అని డోరతీ నన్ను అడిగింది. వరస వరసంతా నా వైపు చూస్తోంది.

నాకు వినబడింది. ప్రతి అక్షరం వినబడింది.

"వాన సప్పుడుకు వినవడలే అత్తమ్మా," అన్నాను. "జర గట్టిగ చెప్పుండ్రి. సాక్షులు చెప్తేనే లెక్కట."

ఆమె నన్ను చూసిన చూపులో, నాకు వినబడిందని ఆమెకు తెలుసని నాకు తెలిసింది. మూతి బిగించింది. ఎందుకో పెదవి చివర కొంచెం వదులైంది. మైకును నోటికి ఆనించుకుంది. ఆమె గొంతు స్పీకర్లలోంచి మైదానం దాటి, రోడ్డు దాటి, ఓడ దాకా పోయింది.

"వాన ఎలుస్తదన్న. ఎలవలే. దీన్ని ఆగుమన్న. ఆగితే ఇది ఏమీ సూడకపోతుండె, నేను గూడ సూడకపోతుంటి. వానది తప్పు గాదు. తప్పు నాది."