దించిన శ్రుతి

గిరిజాకుమారి పాత వాయిద్యాన్ని కొనే ముందు వాసన చూస్తుంది. రంగు ఎలా ఉంది, మీటలు ఎన్ని ఊడాయి అన్నది తర్వాతి సంగతి. తిత్తి మడతల మధ్య ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గట్టిగా పీలుస్తుంది. బూజు వాసన వేస్తే నవ్వి, థాంక్యూ చెప్పి, పక్క కారు దగ్గరికి వెళ్ళిపోతుంది. చెక్క వాసనో, మైనం వాసనో వేస్తే మాత్రం ఆ రోజుకి భర్త అనంతరామ్ కారు డిక్కీలో ఇంకో పెట్టె చేరినట్టే.

ఐర్లండ్‌లోని లిమరిక్ ఊరవతల ఆదివారం ఆదివారం కార్ బూట్ సేల్ జరుగుతుంది. పెద్ద మైదానంలో జనం వరసగా కార్లు ఆపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కర్లేని సామాన్లన్నీ పరిచి అమ్ముకుంటారు. కూతురు సాహితి మెయ్‌నూత్ యూనివర్సిటీలో చేరిపోయాక, నాలుగేళ్ళ కిందట గిరిజ ఊరికే చూద్దామని అక్కడికి వెళ్ళి ఒక పాత అకార్డియన్ తెచ్చుకుంది. అది ఊపిరాడనట్టు మూలిగేది. వారం తిరిగేసరికి దాన్ని పాడించింది. ఆ మరుసటి ఆదివారం తనే డిక్కీ తెరిచి అమ్మింది. ఇక ఆగలేదు. అకార్డియన్లు, మౌతార్గన్లు, రికార్డు ప్లేయర్లు కొనడం, బాగుచేయడం, అమ్మడం. సాహితి గదిలోని బట్టల అలమరా, అంటే ఇక్కడి వాళ్ళు ప్రెస్ అనేది, అకార్డియన్లతో నిండిపోయింది. ఆ పిల్ల సెలవులకి వచ్చి బ్యాగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "మామ్, ఇట్స్ గ్రాండ్, ఐ'ల్ స్లీప్ ఇన్ ద హాల్" అనేది. గ్రాండ్ అంటే ఇక్కడ పర్లేదు, బాగుంది అని.

ఈ విద్య ఆమెకి కొత్త కాదు. వాళ్ళ నాన్న తెనాలిలో నాటక సమాజాలకి హార్మణీ పెట్టెలు బాగుచేసేవాడు. ఆయన రీడ్లు, అంటే గాలికి అదిరి స్వరం పలికే సన్నటి రేకులు, గీకుతుంటే, వరస తప్పకుండా ఒక్కొక్కటీ అందించడం ఆమె చిన్నప్పటి పని. అకార్డియన్‌లోనూ ఉండేవి అవే ఇత్తడి, ఉక్కు రీడ్లు, అదే తిత్తి. ఐర్లండ్‌లో దాన్ని బాక్స్ అంటారని తెలిసిన రోజున ఆమె చాలాసేపు నవ్వుకుంది. తెనాలిలోనూ పెట్టె అనే అనేవాళ్ళు.

అనంతరామ్ వైద్య పరికరాల ఫ్యాక్టరీలో కాలిబ్రేషన్ ఇంజనీరు. కొలత హద్దుల్లో ఉందా, లేదా? లేకపోతే పక్కన పెట్టేయడమే. భార్య వ్యాపారం అతనికి అంతుపట్టేది కాదు. ముఖ్యంగా ఆమె పెట్టుకున్న ఒక నియమం. కొనడానికి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి వాయించి చూపించాలి. పిల్లల పాటైనా సరే, మూడు స్వరాలైనా సరే. గోడకి అలంకారంగా పెట్టుకుంటామన్న వాళ్ళకి ఆమె అమ్మేది కాదు. అతను పొద్దున్నే ఆమెని దింపి, డిక్కీ తెరిచిపెట్టి, కార్లోనే కూర్చుని ఫోను చూసుకునేవాడు.

సెప్టెంబరులో ఒక ఆదివారం గిరిజ అతన్ని కారు దించి వెంట తీసుకెళ్ళింది. పెట్టె బరువుగా ఉంది, ఒక చెయ్యి పట్టమంది.

ఆ పెట్టె డెబోరా అనే ఆవిడది. యాభై దాటి ఉంటాయి. డిక్కీలో పింగాణీ పళ్ళేలు, ఒక దీపం, చేతికర్ర, వాటి వెనక దుప్పటి కప్పిన అకార్డియన్. అది తన తండ్రి ఫిన్‌టన్‌దని చెప్పింది. ఆయనకి ఎనభై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఇప్పుడు నర్సింగ్ హోంలో ఉన్నారు, ఇల్లు అమ్మకానికి పెట్టారు. గిరిజ వాసన చూసింది. పొగాకు, మైనం. తిత్తి లాగి మీటలన్నీ వరసగా నొక్కింది. ఒక్క మీట పలకలేదు. మామూలుగా ఆమె నవ్వుతూనే గట్టిగా బేరమాడుతుంది. ఆ రోజు డెబోరా అడిగినంతా ఇచ్చేసింది.

పలకని మీట సంగతి అరగంటలో తేలిపోయింది. మైనం పెళుసుబారి రీడు లోపల పడిపోయింది. మళ్ళీ మైనం కరిగించి అతికించింది. శనివారం ఒకతను కొనడానికి ఇంటికే వచ్చాడు. మంచి వాయిద్యగాడు. అతను వాయిస్తుంటే వంటింట్లో ఉన్న అనంతరామ్ కూడా స్టవ్ తగ్గించి హాల్లోకి వచ్చాడు. కానీ ఆ మనిషి ఫోనులో శ్రుతి చూసే యాప్ తెరిచి బల్లమీద పెట్టి, ఒక్కో మీటా నొక్కి తల అడ్డంగా ఊపాడు. ముల్లు ప్రతిసారీ పచ్చగీతకి ఎడమవైపే ఆగుతోంది. పెట్టె మొత్తం కిందికి ఉందనీ, పైకి తెచ్చిపెడితే తీసుకుంటాననీ చెప్పి వెళ్ళాడు.

అనంతరామ్‌కి ఇది తనకి అర్థమయ్యే సమస్యలా కనిపించింది. తనూ యాప్ వేసుకుని, కాగితం మీద గళ్ళు గీసి, అన్ని మీటల కొలతలూ రాశాడు. తీసుకెళ్ళి భార్యకి చూపించాడు.

"చూడు గిరిజా, ఒక్కటీ సరిగ్గా లేదు. మొత్తం తప్పింది."

ఆమె కాగితం కేసి చూసింది. "తప్పితే అన్నీ ఒకే కొలతలో తప్పుతాయాండీ?"

అనంతరామ్ కాగితం మళ్ళీ చూసుకున్నాడు. ఫ్యాక్టరీలో వంద రీడింగులూ ఒకే తేడా చూపిస్తే ఎవరూ భాగాలని అనుమానించరు. దాన్ని అలా అమర్చింది ఎవరా అని వెతుకుతారు. ఇరవై ఏళ్ళుగా కుర్రాళ్ళకి తను చెబుతున్న పాఠమే అది. తన చేత్తో రాసుకున్న అంకెల్లో తనకే కనిపించలేదు.

గిరిజ రీడ్లు బిగించిన చట్రం బయటికి తీసి దీపం కింద పెట్టింది. రీడుని కొస దగ్గర గీకితే శ్రుతి పైకి వెళ్తుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. ఇక్కడ తొంభై చిల్లర రీడ్లలో ప్రతి ఒక్కదాని మొదలు దగ్గరా సన్నటి గీతలున్నాయి. వెంట్రుకంత గీతలు, ఒకదాని పక్కన ఒకటి, తొందరపడని చేతివి.

"ఇది చెడిపోయింది కాదండీ. ఎవరో కూర్చుని దించారు," అంది. తర్వాత రీడ్లు తుడుస్తూ తండ్రి సంగతి చెప్పింది. ఒక సమాజంలో పెద్ద నటుడికి వయసు మీదపడి గొంతు అందకుండా పోతోంది. నాన్న ఆ సమాజం హార్మణీ మొత్తాన్ని కాస్త కిందికి దించాడు. ఆ తేడా ఆ నటుడికి తప్ప ఎవరికీ తెలియలేదు. పద్యం అయిపోయాక ఆయన పక్కకి తిరిగి ఒక్కసారి పెట్టె వైపు చూశాడట, అంతే. "ఎవరి కోసమో తెలీకుండా నేను దీన్ని ముట్టుకోను. కొనేవాడు ఇంకో పెట్టె చూసుకుంటాడు," అంది.

డెబోరాకి ఫోన్ చేసింది. మరుసటి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ నర్సింగ్ హోంకి వెళ్ళారు.

ఫిన్‌టన్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు భారీ మనిషి అయి ఉండాలి, ఒళ్ళు చిక్కి చొక్కా వదులైపోయింది. మాట నెమ్మదిగా, ఒక పక్కకి వాలినట్టు వస్తోంది. గిరిజ పెట్టెని ఆయన ముందున్న బల్లమీద పెట్టి, పలకరింపులేవీ లేకుండానే అడిగేసింది, దీన్ని మీరెందుకు దించారని. ఆయన ముందు కూతురికేసి చూశాడు. డెబోరాకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

అప్పుడు చెప్పాడు. పక్క పొలం అతనికి తాతల నాటి చెక్క ఫ్లూటు ఉండేది. దాని శ్రుతి ఇప్పటి వాయిద్యాలకంటే కిందికి ఉండేది. పబ్బులో అందరూ గుండ్రంగా కూర్చుని వాయిస్తుంటే అతనొక్కడే ఫ్లూటు కోటు జేబులో పెట్టుకుని వింటూ కూర్చునేవాడు. ఒక చలికాలం ఫిన్‌టన్ తన పెట్టె విప్పి, రీడ్లన్నీ దించుకుని, అతని వంటింటికి వెళ్ళాడు. ఆ తర్వాత ఫిన్‌టన్ కూడా ఏ గుంపుతోనూ కలిసి వాయించలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళు ఆ వంటింట్లో వాళ్ళిద్దరే వాయించుకున్నారు.

"శ్రుతి తప్పిందనే అన్నారు అందరూ," అన్నాడు ఫిన్‌టన్. "దించానని నువ్వొక్కదానివే అన్నావు."

ఆయన కుడి చెయ్యి మీటల మీదికి వెళ్ళింది. వేళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయి. కానీ తిత్తి లాగాల్సిన ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. గిరిజ కుర్చీ లాక్కుని ఆయన ఎడమ పక్కన కూర్చుని, తిత్తి పట్టీలో తన చెయ్యి దూర్చింది.

మొదట్లో అంతా గొడవే. హార్మణీలో తిత్తి ఎలా ఊదినా మెట్టు ఒకే స్వరం పలుకుతుంది. ఈ పెట్టెలో తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకోటి. ఆయన వేళ్ళు ఒకటి అనుకుంటే ఆమె చెయ్యి ఇంకోటి పలికించింది. ఫిన్‌టన్ "లోపలికి", "బయటికి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటలు పాటకంటే వెనకబడుతున్నాయి. కాసేపటికి గిరిజ ఆయన్ని మాట్లాడవద్దంది. ఆయన వేళ్ళ వైపు చూడటం కూడా మానేసి గడ్డం వైపు చూసింది. దిశ మార్చాల్సిన చోట ఆ గడ్డం రవ్వంత ముందుకి వస్తోంది.

అలా ఒక పాట నిలబడింది. నెమ్మదైన పాట, పొడుగాటి స్వరాలు. రెండో చరణంలో ఒకసారి తడబడి మళ్ళీ అందుకున్నారు. డెబోరా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అనంతరామ్ తన భార్యని చూశాడు. వానకోటు విప్పకుండానే, ఎవరో ముసలాయన పాటకి తనే ఊపిరై కూర్చున్న మనిషి. ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారం తను కార్లో కూర్చుని ఏం పోగొట్టుకున్నాడో అతనికి అప్పుడు తెలిసింది.

పాట అయ్యాక గిరిజ, ఈ పెట్టెని అమ్మననీ, ఇలాగే ఉంచుతాననీ చెప్పింది. ఫిన్‌టన్ విసుక్కున్నాడు.

"ఎందుకు? అతను పోయి పదకొండేళ్ళయింది. ఇలా ఉంటే దీంతో ఎవరు కలిసి వాయిస్తారు? పైకి తెచ్చెయ్యి. కానీ నువ్వే చెయ్యి, ఇంకెవరి చేతికీ ఇవ్వకు."

 ఇంటి ముందు కారు ఆగాక గిరిజ, ఆయన చెప్పిందే సబబనీ, తనే తొందరపడి మాటిచ్చేసిందనీ అంది.

తొమ్మిది సాయంత్రాలు పట్టింది. మొదలు దగ్గర ఒకసారి గీకిన రీడు పల్చబడి ఉంటుంది, ఇప్పుడు కొస గీకేటప్పుడు చెయ్యి ఏమాత్రం బరువైనా విరుగుతుంది. అనంతరామ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అన్నం తిని, యాప్ పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. ఆమె గీకి, ఊది, వినేది. అతను ముల్లు ఎక్కడుందో చెప్పేవాడు. మూడో రోజుకి అతనికి ఒకటి తెలిసిపోయింది. స్వరం కుదిరిన క్షణంలో ఆమె కనుబొమ్మల ముడి విడిపోయేది, ముల్లు ఆ తర్వాతే పచ్చగీత మీదికి వచ్చేది. ఫోను బోర్లా పెట్టేశాడు. ఆరో రోజు ఒక రీడు టప్పున విరిగింది. గిరిజ విరిగిన ముక్కని అరచేతిలో పెట్టుకుని దీపం కింద తిప్పి చూసింది. తర్వాత లేచి పొద్దుటి గిన్నెలు కడిగింది. అనంతరామ్ సాహితి గదిలోకి వెళ్ళి, ప్రెస్‌లోని పనికిరాని పెట్టెల్లోంచి అదే కొలత రీడున్న చట్రం వెతికి తెచ్చి బల్లమీద పెట్టాడు.

అమ్మే ముందు ఫిన్‌టన్‌కి వినిపించాలంది. వెళ్ళారు. ఆయన కుడి చేత్తో ఒక్కో మీటా నొక్కుతూ, ఆమె తిత్తి లాగుతుంటే, పై నుంచి కిందిదాకా విన్నాడు. ఒక మీట దగ్గర ఆగి, ఇది పిసరంత ఎక్కువైందన్నాడు. గిరిజ తల ఊపి, పెట్టె విప్పి, సంచిలోంచి చిన్న ఆకురాయి తీసి, కిటికీ వెలుగులో రెండంటే రెండు గీతలు గీకింది. ఆయన మళ్ళీ నొక్కి, "గ్రాండ్" అన్నాడు.

అక్టోబరు చివర్లో స్లైగో ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు సేల్‌కి వచ్చి ఫిన్‌టన్ పెట్టెని చేతిలోకి తీసుకుంది. వాన తుంపర పడుతుంటే డిక్కీ తలుపు కింద నిలబడి వాయించింది. దాని కథంతా ఆమెకి చెప్పింది అనంతరామే. ఫ్లూటు సంగతి చెప్పేటప్పుడు గిరిజ పక్కనుంచి రెండుసార్లు సరిదిద్దాల్సి వచ్చింది. తమ ఊళ్ళో గురువారం గురువారం ఏడుగురు కలిసి వాయిస్తారనీ, వాళ్ళలో ఒకళ్ళది ఫ్లూటేననీ చెప్పి, నర్సు పెట్టె కొనుక్కెళ్ళింది.

ఆ మాట ఫిన్‌టన్‌కి చేరవేయడానికి వెళ్ళినప్పుడు గిరిజ వట్టి చేతులతో వెళ్ళలేదు. ఆ పొద్దున్నే కొన్న ఎర్ర అకార్డియన్ పట్టుకెళ్ళింది. ఆమె తిత్తి లాగుతుంటే ఆయన దాన్ని రెండు నిమిషాలు వాయించి, ఇది కొనడం తెలివితక్కువ పని అన్నాడు. గిరిజ ఒప్పుకోలేదు. తిత్తి బాగుందనీ, రీడ్లు మారిస్తే బ్రహ్మాండంగా పలుకుతుందనీ వాదించింది. అనంతరామ్ టీ కప్పు పట్టుకుని ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. ఎవరి పక్షమో చెప్పమని ముసలాయన అడిగితే, ఇంకోసారి వాయిస్తే గాని చెప్పలేనన్నాడు.