ఏడో నంబరు బేరర్

మా నాన్న నన్ను వారానికి ఆరు రోజులు, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆదివారాలు మరో రెండు గంటలు "మేంసాబ్" అని పిలిచేవాడు. మిగతా వేళల్లో "బాలమ్మా" అనేవాడు. నా పేరు బాలకుమారి. హోటల్లో మాత్రం మిస్ బెల్లా.

ఇది 1957 నాటి మాట. ఉక్కు కంపెనీని పెంచే పనికి జంషెడ్‌పూర్‌లో అమెరికా ఇంజనీర్లు దిగారు. పగలంతా ఎండలో ఇనుము మొహం చూసి వచ్చిన మనుషులకి సాయంత్రం చల్లటి బీరూ, పక్కన జాజ్ సంగీతమూ కావాలి. బిష్టుపూర్‌లో ఒక హోటలు వాళ్ళు బారు పక్కనే డాన్సుకి చెక్కనేల వేయించి పింటో మాస్టారి బ్యాండుని కుదుర్చుకున్నారు. ఆయన గోవా మనిషి, శాక్సఫోన్ వాయించేవాడు. పియానోకొకరు, మనిషెత్తు బేస్‌కొకరు, డ్రమ్ములకొకరు ఉన్నారు. పాడేవాళ్ళే లేరు. మా గుడిలో క్రిస్మస్ నాడు నేను ఇంగ్లీషు పాట పాడుతుంటే ఆయన వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. మర్నాడే మా తెలుగువాళ్ళ పేట భాలుబాసాలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

ఇంటి అవసరం కోసం ఒప్పుకున్నానని చెబితే వినేవాళ్ళకి బాగుంటుంది. అది నిజం కాదు. నాకు పాడాలని ఉంది, అంతే.

చిక్కెక్కడొచ్చిందంటే, మా నాన్న సవరయ్య అదే హోటల్లో పదకొండేళ్ళుగా బేరర్. తలపాగా, నడుముకి ఎర్ర పట్టీ, రొమ్ము మీద ఏడు అంకె వేసిన ఇత్తడి బిళ్ళ. అక్కడ ఆయనకి పేరు లేదు, సాత్ నంబర్ అంటే పలకాలి. బేరర్ల ఇంటివాళ్ళు ముందు గుమ్మం తొక్కకూడదు. ఇక మైకు ముందు నిలబడ్డం కూడానా! పాడే పిల్ల గోవా పిల్లో, ఆంగ్లో ఇండియనో అయితేనే దొరలకి మందు దిగుతుందని మేనేజరు నమ్మకం. అందుకని పింటో మాస్టారు నేను తన మేనకోడల్ని, కలకత్తా నుంచి వచ్చానని చెప్పాడు. ఆ అబద్ధం బయటపడితే నాతో పాటు బ్యాండంతా రోడ్డున పడుతుంది.

పేటలో మరో అబద్ధం. ఎవరో దొరగారి పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నానని మా అమ్మ త్రేసమ్మ అందరితోనూ అనేది. పింటో మాస్టారి ఇల్లు సాక్చీలో. అక్కడ చీర విప్పి గౌను తొడిగి, మొహానికి మూడు పూతల పౌడరు వేసుకుని, జుట్టు రింగులు తిప్పుకుని, ఆయన పాత కారులో హోటలుకి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చాక మొహం కడిగి చీర కట్టుకుంటే మళ్ళీ త్రేసమ్మ కూతుర్ని.

మొదటి నెల్లో నాన్న ట్రే పట్టుకుని నా దగ్గరికొచ్చి "పానీ, మేంసాబ్" అన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది, ఆయన కళ్ళు కూడా నవ్వేవి. రెండో నెలకి నవ్వు పోయింది. మూడో నెలకి గ్లాసు తీసుకుని ఆయన వైపు చూడకుండానే తల ఊపడం అలవాటైపోయింది. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, అలా ఉండేది. అలా ఉంటేనే పాట బాగా వచ్చేది కూడా.

పింటో మాస్టారు నాకు నేర్పింది ఒక్కటే. "డ్రమ్ము దెబ్బతో పాటు రాకు. దెబ్బ పడ్డాక, ఒక్క రవ్వ ఆగి రా. వాళ్ళు నీకోసం ఎదురుచూడాలి" అనేవాడు. నేను త్వరగానే నేర్చుకున్నాను. ఎంత ఆలస్యంగా వస్తే అంత మెచ్చుకునేవారు.

ఆదివారాలు నాలుగింటి నుంచి ఆరింటి దాకా టీ డాన్స్ ఉండేది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం అది అయ్యాక పింటో మాస్టారి కారు మొరాయించింది. ఆయన దాన్ని తోయించుకుంటూ ఉండిపోయాడు, నేను గౌనుతోనే రిక్షాలో సాక్చీ దాకా వచ్చి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో చెప్పు మడమ ఊడిపోయింది. రోజూ ఇంటిదాకా తోడు రావడానికి సైకిలు మీద దూరంగా వెనక వచ్చే నాన్న అది చూశాడు. ఇంకా చీకటి పడలేదు, బజారు నిండా జనం. ఆయన అవేమీ చూసుకోలేదు. రోడ్డు పక్కన కూర్చుని, నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని చెప్పు తీశాడు, రాయితో మేకు కొట్టి మళ్ళీ తొడిగాడు. మడమ కందితే బొటనవేలితో రాశాడు. నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. కన్నతండ్రి చేసే పనే. కానీ చూసేవాడికి కనిపించింది వేరు. యాభై ఏళ్ళ బేరర్ ఒకడు హోటలు దొరసాని కాలు నిమురుతున్నాడు. చూసినవాడు మా హోటలు క్యాషియరు.

సోమవారం నాలుగింటికి రిహార్సల్‌కి వెళ్తే మేనేజరు గదిలోకి పిలిచారు. పింటో మాస్టారు అప్పటికే అక్కడున్నాడు. నాన్న గోడకి ఆనకుండా నిలబడి ఉన్నాడు. క్యాషియరు చూసిందంతా మేనేజరు ఇంగ్లీషులో ఏకరువు పెట్టి నా వైపు తిరిగాడు.

"మిస్ బెల్లా, భయపడకుండా చెప్పండి. ఈ సాత్ నంబర్ మీ వెంట పడుతున్నాడా?"

పింటో మాస్టారు బూట్లు చూసుకుంటున్నాడు. నేను నోరు తెరిచాను. ఏమనబోయానో నాకిప్పటికీ తెలియదు. ఈయన మా నాన్న అనబోయానని చెప్పుకోవచ్చు, కాదనడానికి సాక్షులెవరూ లేరు. కానీ ఆ ఒక్క రవ్వ ఆగాను. ఆగడం నాకు బాగా అలవాటు కదా. ఈలోగా నాన్న అందుకున్నాడు.

"గల్తీ హో గయా సాబ్. మేంసాబ్‌కా కోయీ కసూర్ నహీ." తప్పు నాదే, ఆవిడ తప్పేమీ లేదన్నాడు.

మేనేజరు నాకు క్షమాపణ చెప్పమన్నాడు. నాన్న నాకు రెండు చేతులూ జోడించాడు. "మాఫ్ కీజియే, మేంసాబ్" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు, నా మెడ వైపు చూశాడు. పోలీసులకి చెప్పమంటారా, వదిలేయమంటారా అని మేనేజరు నన్నే అడిగాడు. నేను ఇంగ్లీషులో వదిలేయమన్నాను. ఆ గదిలో నేను మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

నాన్న తలపాగా తీసి, పట్టీ విప్పి, బిళ్ళ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. ఇంట్లో రోజూ చూసే జుట్టే, ఎంత నెరిసిందో అప్పుడే తెలిసింది. వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. నేను రిహార్సల్‌కి వెళ్ళాను. ఆ సాయంత్రం పద్నాలుగు పాటలు పాడాను, ఒక్కచోట కూడా శ్రుతి తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"ఏడిసినావేటి?" అనడిగాడు.

"లేదు."

"మంచిది. ఏడిస్తే గొంతు పాడవుతాది."

"ఎందుకలా అన్నావు నాన్నా?"

"నువ్వు నోరు తెరిస్తే మీ అయిదుగురికీ పని పోతాది. నాను ఒప్పేసుకుంటే నాకొక్కడికే పోతాది. ఆ పాటి దానికి గొడవెందుకేటి?" అని ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాడు.

అమ్మ ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం మానేసింది. అన్నం పెట్టేది, తల దువ్వేది, మాట మాత్రం లేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి తగిలేది.

లోకులు కాకులని ఊరికే అనలేదు. వారం తిరక్కుండా సంగతి భాలుబాసా అంతా పాకి పక్కపేట సీతారాండేరా చేరింది. సవరయ్య హోటల్లో పాడే బెల్లా అనే దొరసాని కాలు పట్టుకున్నాడట, ఉద్యోగం ఊడగొట్టి తరిమేశారట. కుళాయి దగ్గర మా పక్కింటి పైడమ్మ నా బిందె తీసి ముందు పెట్టి జాలిపడింది. "పెళ్ళి కావాల్సిన పిల్ల ఇంట్లో ఉండగా ఇదేం బుద్ధే మీ నాన్నకి? పాపం, నీ మొహం సూత్తే కడుపు తరుక్కుపోతంది" అంది. నేను బిందె నింపుకుని వచ్చేశాను. నాన్నకి మాంగో అనే పేటలో కలప అడితి కాపలా దొరికింది. పొద్దున్నే వెళ్ళేవాడు. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకుంటే ఆయనే ముందుగా తల వంచుకునేవాడు. చేయని తప్పుకి సిగ్గుపడ్డం కూడా పనిలో భాగమే అన్నట్టుండేవాడు.

జూన్‌లో సత్ప్రసాద పండుగ వచ్చింది. ఆ రోజు ఊరేగింపులో ఫాదర్ సత్ప్రసాదాన్ని, క్రీస్తు దేహంగా మేం కొలిచే అప్పాన్ని, పట్టుకుని నడుస్తుంటే ఆయన తల మీద నలుగురు మగాళ్ళు పందిరి పట్టుకుంటారు. ఆ నాలుగు కర్రల్లో ముందు కుడి కర్ర తొమ్మిదేళ్ళుగా మా నాన్నది. ఏడాదికి ఆ ఒక్కరోజు ఆయన తెల్లపంచె, కండువాతో నడుస్తుంటే నలుగురూ సవరయ్యగారూ అనేవారు. హోటల్లో పోయిన పేరంతా ఆయనకి అక్కడే దొరికేది.

పండుగ ముందు ఆదివారం మధ్యాహ్నం ఉపదేశి తోమాసుగారు, రాజబాబుగారు మా ఇంటికొచ్చారు. తోమాసుగారు నాకు జపాలు నేర్పిన మనిషి. రాజబాబుగారిది సోడా బండి. నలుగురం కూర్చున్నాం, అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తోమాసుగారు కండువాతో మొహం తుడుచుకుని, మంచినీళ్ళు తాగి, ఎండల గురించి మాట్లాడి, చివరికి అసలు మాటకొచ్చారు.

"సవరయ్యా, ఈ ఏడు పందిరి కర్ర వేరే వాళ్ళకిద్దామనుకుంటన్నాం. ఫాదర్ మాట కాదు, నా మాటా కాదు. జనం మాట."

నాన్న మొహంలో ఏదో చప్పున ఆరిపోయింది. బిళ్ళ ఊడదీసినప్పుడు కూడా అలా లేదు.

"అలాగేనండి" అన్నాడు.

"ఆ బెల్లాని నేనే" అన్నాను.

ఈసారి ఆగలేదు. ఎలా వచ్చిందో తెలియదు, వచ్చేసింది. "హోటల్లో పాడేది నేనే. మా నాన్న చెప్పు తొడిగింది నాకే. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు."

తోమాసుగారు నన్ను చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు.

"తండ్రి పరువు కోసం తన పరువు తీసేసుకుంటంది. త్రేసమ్మా, ఎంత బంగారాన్ని కన్నావమ్మా!"

"ఆ బెల్లాని నాను ఎన్నిసార్లు సూసినానో! సోడా పెట్టెలు దించినప్పుడల్లా కిటికీలోంచి కనబడతాది" అని రాజబాబుగారు నవ్వారు. "తెల్లగా, ఇంతెత్తున దొరసాని. మన బాలమ్మ దానిలా ఉందేటి?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సిన్నపిల్ల. నా మీద పేమకొద్దీ ఏదో అంటాది. ఒగ్గీండి" అన్నాడు.

అప్పుడు అమ్మ రెండు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"పాడు" అంది.

తోమాసుగారికి అర్థం కాలేదు. నాకూ, నాన్నకీ అర్థమైంది. గుడిలో పాడే పద్ధతి కాదు, హోటల్లో పాడే పద్ధతి. రెండు వరసలు పాడితే చాలు. బారు కిటికీ కింద పెట్టెలు దించుకుంటూ రాజబాబుగారు ఆ గొంతు వందసార్లు విన్నారు, గుర్తుపట్టకుండా ఉండలేరు. నాన్న కర్ర నాన్నకి వచ్చేస్తుంది. సాయంత్రానికల్లా సంగతి హోటలుకీ చేరుతుంది. ఆ తర్వాత మైకు ఉండదు, బ్యాండు ఉండదు, బెల్లా ఉండదు.

అమ్మ నా గొంతు వైపే చూస్తోంది. నాన్న నేల చూస్తున్నాడు.

"గొంతు బాగోలేదమ్మా" అన్నాను.

"పాపం, బెంగతో నీరసపడింది. పడుకోబెట్టమ్మా" అన్నారు తోమాసుగారు. ఇద్దరూ లేచారు. నాన్న వాళ్ళని వీధి మలుపు దాకా సాగనంపి వచ్చాడు.

నిజం చెప్పేశాను, ఎవరూ నమ్మలేదు, ఇక నా బాధ్యత తీరిపోయిందని నాకు హాయిగా అనిపించింది. మేనేజరు గది దగ్గర్నుంచి అంతవరకూ నాకు ఏమీ అనిపించలేదు. మొట్టమొదట అనిపించింది ఆ హాయి. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

అమ్మ చాప పరిచింది. నేను పడుకోలేదు. టీ డాన్స్‌కి వేళవుతోంది. నాలుగింటికి మైకు ముందు నిలబడి రెండు గంటలు పాడాను. గొంతు ఇంత బాగా ఎప్పుడూ లేదన్నాడు పింటో మాస్టారు.