గున్‌వోర్ రెండో పాట

గున్‌వోర్‌కి మొండితనం పుట్టుకతోనే వచ్చింది. చర్చిలో ఆర్గన్ వాయించుకుంటూ బతకాల్సిన పిల్ల జాజ్ పియానో పట్టుకుంది, అయిదుగురు మగవాళ్లున్న మా బృందానికి నాయకురాలైంది. అందులో నేను బేస్ వాయించేవాణ్ణి. వేసవంతా స్వీడన్‌లో డాన్సు ఫ్లోరున్న పార్కుల వెంట తిరిగి డాన్సులకి వాయించడమే మా బతుకు. ఆమె సొంతంగా కట్టిన పాటలు మాత్రం పెట్టెలోనే ఉండేవి, వాటికి అడుగులు వెయ్యడం ఎవరి తరమూ కాదు కాబట్టి.

1958 జూలైలో, వార్మ్‌లాండ్‌లో, పార్కు మేనేజరు హెడ్లీన్ మమ్మల్ని వేదిక వెనక్కి పిలిచాడు.

"చూడమ్మాయ్, జనం ఇప్పుడు గిటారు కుర్రాళ్లు కావాలంటున్నారు. ఇవాళ ఫ్లోరు ఖాళీ అయిందా, వచ్చే వేసవికి మీరు రానక్కర్లేదు."

చుట్టుపక్కల పార్కులన్నీ ఆయన మాట మీదే నడిచేవి. ఆయన వద్దంటే మా బృందం చెదిరిపోయినట్టే.

ఆయన అటు వెళ్లగానే గున్‌వోర్, "అయితే ఇవాళే నా పాట వాయిద్దాం," అంది.

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నాను. "అది అయిదు దెబ్బల తాళం. మనిషికున్నవి రెండు కాళ్లు. ఎలా పంచుకుంటారు?"

"ఎలాగూ పంపించేసేటట్టయితే, దాన్ని ఒక్కసారైనా వినిపించకుండా పోతానా? రెండో పాటగా వాయిద్దాం ఏస్కిల్. ఎవడు వెళ్లిపోతాడో చూస్తాను."

నాకు నవ్వాగలేదు. మా దగ్గర డాన్సుకి పిలిచిన అమ్మాయితో రెండు పాటలు ఆడి తీరాలి. ఒక్క పాటకే వదిలేసినవాడికి ఊళ్లో పరువుండదు.

ముందు అందరికీ అడుగులు తెలిసిన ఫాక్స్‌ట్రాట్ వాయించి, వెంటనే ఆమె పాటలోకి దిగాం. జంటలు తడబడ్డాయి, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు, చివరికి చేతులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఒక్కరూ ఫ్లోరు దిగలేదు.

పాట అవగానే హెడ్లీన్ విసవిసా మెట్లెక్కి వచ్చాడు.

"నేను వెర్రివాడిలా కనిపిస్తున్నానా? వాళ్లు మర్యాదకి నిలబడ్డారు. ధైర్యముంటే అదే పాట మొదటి పాటగా వాయించు!"

గున్‌వోర్ ముఖం పాలిపోయింది. ఆమె మీద జాలేసింది, ఆయన మీద ఒళ్లు మండింది.

"వద్దులే, అందరూ ఆడే వాల్ట్స్ ఏదైనా వాయిద్దాం," అన్నాను.

"వాళ్లకి నచ్చిందో లేదో నాకు తెలియాలి కదా," అంది.

జంటలు విడిపోయాక అదే పాట మళ్లీ మొదలుపెట్టింది. అమ్మాయిల్ని పిలవబోయిన కుర్రాళ్లు ఆగిపోయారు. కొందరు కాఫీ కొట్టువైపు నడిచారు. ఇంతలో ఎర్ర గౌను అమ్మాయి ఒకతె, ఎవరూ పిలవకుండానే ఒంటరిగా వచ్చి, వేదిక అంచుకి మోచేతులు ఆనించి నిలబడింది. ఆమె పక్కన ఇద్దరు చేరారు. తర్వాత కాఫీకి వెళ్లినవాళ్లు కప్పులతో వెనక్కొచ్చారు. చూస్తుండగానే మా ముందు కాలు పెట్టే సందు లేదు. వాళ్ల వెనక ఫ్లోరంతా బోసిపోయింది.

పాట ఆగగానే చప్పట్లు! డాన్సు బృందానికి చప్పట్లెవరు కొడతారు? నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

హెడ్లీన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఫ్లోరు ఖాళీ."

"అవునండీ," అంది గున్‌వోర్, తల వంచుకుని.

"ఆ పాట పేరేంటి?"

"ఇంకా పెట్టలేదు."

"త్వరగా పెట్టమ్మాయ్. పేరు లేకుండా వచ్చే వేసవి పోస్టరు మీద ఏమని వెయ్యను?"