వెనక నుంచి చదివిన నవల

అడుగంటిన కూర గీరుకుని తినడం నాకు కొత్తేమీ కాదు. ముందు ఆయనకి, తర్వాత అత్తయ్యకి, హాస్టల్ నుంచి సెలవులకి వస్తే మా అమ్మాయికి, ఆ తర్వాత గిన్నెలో ఏది మిగిలితే అది నాకు. పెళ్ళైనప్పటి నుంచీ ఇదే వరస. అలా తినమని నాకెవరూ చెప్పలేదు, నిజమే. అలా తినొద్దని కూడా ఎవరూ అనలేదు. అందుకే కాబోలు, మా ల్యాబులో సీనియర్ అక్క ఆ లావుపాటి నవలని సర్జికల్ బ్లేడుతో మూడు ముక్కలు కోసి "ఎవరికి ఏ భాగం కావాలి?" అంటే, నా నోట్లోంచి "ఏది మిగిలితే అది ఇవ్వండక్కా" అన్న మాటే వచ్చింది.

మాది రక్తపరీక్షల ల్యాబు. ఉన్న ఆడవాళ్ళం ముగ్గురం. అక్క మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంటుంది, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంది. రిసెప్షన్‌లో ఒక చిన్నపిల్ల. రక్తం తీసేది నేను. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఆ నవల ఇటుకంత ఉంది, బైండింగ్ ఎప్పుడో చేతులెత్తేసింది. ఒకరు చదివి ఇంకొకరికి ఇచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని అక్క కోసిపారేసింది. కథ కూడా అందుకు అనుకూలంగానే ఉంది. మూడు జన్మలు, మూడు భాగాలు. ఒక సేనాపతి, ఒక పడవ నడిపే అమ్మాయి. మూడొందల ఏళ్ళ ప్రేమ. పెద్దది కాబట్టి అక్క మొదటి భాగం తీసుకుంది. వరస తప్పితే కథ పాడైపోతుందని రిసెప్షన్ పిల్ల ఆమె వెనకే క్యూ కట్టింది. నాకంత ఓపిక లేదు. రక్తం గొట్టాలు మెషిన్‌లో తిరిగే ఆ కాసేపే నాకు చదువుకునే టైము. పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళే యోగం లేదు. ఆయన చూస్తే "నేనిక్కడ ఉండగా ఆ కాగితాల్లో ఏముందోయ్?" అంటారు. కోపంగా కాదు, ప్రేమగానే అంటారు. ఆ ప్రేమకి జవాబు చెప్పడం కంటే పుస్తకం మూసెయ్యడం తేలిక. కాబట్టి ఖాళీగా ఉన్న మూడో భాగం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను.

"ఆఖరు భాగం ముందు చదువుతావా? నీకేమైనా పిచ్చా?" అంది అక్క.

"నాకు ఆఖరివే దొరుకుతాయిలే అక్కా."

మూడో జన్మలో ఆమె పాత బొమ్మలకి రంగులు సరిచేసే పనిలో ఉంటుంది. ఒక రోజు ఒక పటంలో ఏరు, పడవ కనిపిస్తాయి. అందులోంచి ఒక గొంతు పిలుస్తుంది. ఇక ఆమెకి నిద్ర ఉండదు, తిండి ఉండదు, పని మీద మనసుండదు. ఉద్యోగం వదిలేస్తుంది, స్నేహితుల్ని వదిలేస్తుంది. చివరికి ఆ గొంతు వెంట నడిచి ఏట్లోకి దిగిపోతుంది, నవ్వుతూ. నీళ్ళ మీద వెలుగు. ఇద్దరూ ఒకటైపోతారు. అబద్ధమెందుకు, నాకూ కళ్ళు చెమర్చాయి. చేతి గ్లవ్‌తోనే కళ్ళు తుడుచుకోబోయి అక్క చేత చివాట్లు తిన్నాను.

సాయంత్రం ఆరవగానే గేటు దగ్గర హారన్. మా ఆయన. ఎండైనా వానైనా తప్పరు. ల్యాబులో ఆయనకి "రాజావారు" అని పేరు పెట్టారు. "రాజావారు వేంచేశారు, రాణిగారు బయల్దేరాలి" అంటుంది రిసెప్షన్ పిల్ల. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పని అయ్యాక అక్కా, ఆ పిల్లా ఎదురు కొట్లో నిలబడి టీ తాగుతారు. ఇన్నేళ్ళలో నేను ఆ టీ ఒక్కసారీ తాగలేదు. ఒకసారి ఆగుతానంటే ఆయన బండి స్టాండ్ వేసి, "పర్లేదు, కానివ్వు. నీ కోసం వెయిట్ చెయ్యడం నాకు కొత్తా?" అని నవ్వారు. ఆ తర్వాత ఇంక గొంతు దిగుతుందా?

మా ప్రేమకథ మా చుట్టాల్లో అందరికీ కంఠతా వచ్చు. ఇంటికి నలుగురు వస్తే ఆయన మొదలుపెట్టేస్తారు. "ఏడాది పాటు ఈవిడ ట్రైనింగ్ స్కూలు ఎదురుగా నిలబడ్డానండీ! అక్కడ సైకిల్ షాపువాడు పాపం, జాలిపడి స్టూలు కూడా వేశాడు." నవ్వులు. "మొదట్లో నన్ను చూస్తే మా ఆవిడకి ఒళ్ళు మంట. మొహం మీదే చెప్పింది, ఇష్టం లేదు, వెనక రావద్దు అని. మనం వింటామా?" ఇంకా నవ్వులు. "అన్నం మానేశాను. నాలుగో రోజుకి మా అమ్మ భయపడిపోయి వాళ్ళింటికి పరిగెత్తింది." ఆ సమయానికి నేను టీ కప్పుల ట్రేతో గదిలోకి వస్తాను. "అదృష్టవంతురాలివమ్మా" అంటారు ఎవరో ఒకరు. మా అమ్మ కూడా అప్పుడు అదే అంది. "నీ కోసం అన్నం మానేశాడే. కాదంటే ఉసురు తగులుతుంది." నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఒక మనిషి నా వల్ల చచ్చిపోతాడంటే, ఇంక నా ఇష్టం ఎంత, నా అయిష్టం ఎంత? సరే అన్నాను.

అక్క రెండో భాగం ముగించగానే అది నేను లాక్కున్నాను. రిసెప్షన్ పిల్ల ఇంకా మొదటి భాగంలోనే ఈదులాడుతోంది. రెండో జన్మలో ఆమె ఒక వైద్యుడి కూతురు, అతను ఒక పెద్ద జమీందారు. ఆమెకి రోజూ పీడకలలు వస్తుంటాయి. అతన్ని చూస్తే వణుకు. అయినా పెళ్ళవుతుంది. ఆమె ఎక్కడ దూరమైపోతుందోనని అతను మేడ మీద గదిలో పెట్టి తాళం వేస్తాడు. తాళం వేస్తూ ఏడుస్తాడు. అది చదువుతూ ఉంటే నాకు ఏదో తేడా కొట్టింది. మూడో జన్మలో నవ్వుతూ ఏట్లో దిగిన మనిషి ఈ జన్మలో ఇంత భయపడిందా? మరి ఆ భయం ఏమైపోయింది? ముందు నుంచి చదివినవాళ్ళకి ఈ అనుమానం రాదు. నవ్వు ముందు చూసి భయం తర్వాత చూశాను కాబట్టి నాకొచ్చింది.

ఆ పై సోమవారం మా డాక్టరుగారు పిలిచారు. ఇంకో ఊళ్ళో బ్రాంచి తెరుస్తున్నారట. "ఇన్‌చార్జిగా నువ్వెళ్తే బాగుంటుందమ్మా. ఉండటానికి గది ఇస్తాం. శనివారం సాయంత్రం ఇంటికి రావచ్చు. మీ ఆయన్ని అడిగి శుక్రవారానికి చెప్పు" అన్నారు. మీ ఆయన్ని అడిగి! ఇంతకు ముందు కూడా ఇలాంటి అవకాశం వచ్చింది. ఆయన్ని అడిగాను, వద్దన్నారు. నేను పని నేర్పినవాళ్ళు వెళ్ళి ఇన్‌చార్జిలయ్యారు. ఈసారి మాత్రం నాకది కావాలి. గుండెల మీద చెయ్యేసుకుని చెబుతున్నాను, నాకు కావాలి. ఇన్నేళ్ళూ సూది గుచ్చి రక్తం తీసి పక్కకి పంపినదాన్ని, ఆ రక్తంలో ఏముందో నేనే చూసి నేనే సంతకం పెట్టాలని ఉంది. పని అయ్యాక నా గదిలో మంచం మీద పడుకుని, లైటు ఎవరికి అడ్డమో ఆలోచించకుండా, ఒక పుస్తకం మొత్తం చదవాలని ఉంది. ఇంతకన్నా పెద్ద కోరిక ఏదీ లేదు.

భోజనం వడ్డిస్తూ ఆయనకి చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశారు.

"నన్ను వదిలి నువ్వుండగలవా?"

"ఉండగలనండీ" అందామనుకున్నాను. అనలేదు.

"నేనైతే ఉండలేను. నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగదు, తెలుసుగా? నీ కోసం ఏడాది ఎండలో నిలబడ్డవాణ్ణి. మనది ఏడు జన్మల బంధమోయ్" అని, పెరుగు వెయ్యమని చెయ్యి చూపించారు. అక్కడితో ఆ మాట అయిపోయిందని ఆయన లెక్క.

మర్నాడు మొదటి భాగం పట్టుకున్నాను, రిసెప్షన్ పిల్ల అప్పటికే మూడోదానిలో ఉంది. పడవ నడిపే అమ్మాయి. సేనాపతి పడవ ఎక్కి, ఆమెని చూసి, నాతో వచ్చెయ్యమంటాడు. ఆమె తెడ్డు పైకెత్తి, "నాకు నువ్వు వద్దు. ఈ ఏరు చాలు, ఈ పడవ చాలు. నా ఒడ్డుకి రాకు" అంటుంది. అంతే. ఆమె వద్దు అన్నదానికి రచయిత రెండు వాక్యాలు ఖర్చుపెట్టాడు, అతని గుండె పగిలినదానికి పేజీలకి పేజీలు. చివరికి ఆమె పడవ వేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళిపోతుంది, వెనక్కి కూడా చూడదు. అతను ఇవతలి ఒడ్డున కూలబడి, ఎన్ని జన్మలైనా నిన్ను వదలనని శపథం చేసి ప్రాణం వదులుతాడు.

బుధవారం మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటూ ఉంటే రిసెప్షన్ పిల్ల ముక్కు ఎగబీలుస్తోంది. మూడో భాగం పూర్తయిందన్నమాట. "మూడొందల ఏళ్ళు వెయిట్ చేశాడక్కా! నా వెధవ మూడు నిమిషాలు ఫోన్ ఎత్తకపోతే అలుగుతాడు."

"అతన్ని ఎవరు ఆగమన్నారే? ఆమె వద్దందిగా."

"వద్దందా? ఎప్పుడు?"

ఇద్దరికీ గుర్తులేదు! నేను పేజీ తీసి చూపించాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఓ, ఇదా. మొదట్లో సిగ్గుపడి ఏదో అనుంటుందిలే" అంది.

"సిగ్గేస్తే తెడ్డు ఎత్తుతారా అక్కా?"

పిల్ల పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు. నా మొహం చూసి డబ్బా మూత పెట్టేసింది. నాకు ఏడుపొచ్చేస్తోంది మరి. నవలకి కాదు. ఆ అమ్మాయి వద్దు అన్న మాట ఆమే మర్చిపోవడానికి మూడు జన్మలు పట్టింది. నాకు ఒక్క జన్మే సరిపోయింది. నా నోటితో నేనన్న మాటని ఆయన జోకు చేసి చెబుతుంటే, ఇన్నేళ్ళుగా టీ కప్పులు అందిస్తూ వింటున్నాను. ఒక్కసారైనా ఆగి, అవును, నేను నిజంగానే వద్దన్నాను అనలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర చెప్పేశాను. "నేను ఆ ఊరు వెళ్తానండీ."

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకుని వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టారు. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నా ధైర్యం ఎంతసేపని! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "నువ్వు వెళ్ళనని చెప్పు, తింటాను" అన్నారు గోడతో. ఆయన అసలే బీపీ మనిషి. ఏదైనా జరిగితే లోకం నన్నేమంటుంది, మా అమ్మాయి నన్నేమంటుంది అని అదే ఆలోచన. శుక్రవారం తెల్లవారేసరికి నేను సగం ఓడిపోయాను. వెళ్ళనని చెప్పేద్దామని, వేడివేడిగా వడ్డించి పళ్ళెం పట్టుకుని బయల్దేరాను.

వంటింటి గుమ్మం పక్కన అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు. "ఆ పళ్ళెం అక్కడ పెట్టి ఇలా కూర్చో" అన్నారు.

"ఆయన తిని రెండ్రోజులవుతోంది అత్తయ్యా."

"ఎవరు చెప్పారు? రాత్రి గిన్నెలో మిగిలిన అన్నం పొద్దుటికి ఏమైందనుకున్నావు? పిల్లి తిందా?"

నేను నిజంగానే పిల్లి అనుకున్నాను. అత్తయ్య తలెత్తకుండా కాయలు ఒలుస్తూనే ఉన్నారు. "అప్పుడూ అంతేనమ్మా. నాలుగు రోజులు తినలేదని కథలు చెప్పుకుంటాడు గాని, రెండో రోజు నుంచే రాత్రిళ్ళు తినడం మొదలెట్టాడు. నేను పడుకుని గిన్నెల చప్పుడు వింటూనే ఉన్నాను. పాపం లైటు కూడా వేసుకునేవాడు కాదు."

"మరి మా ఇంటికొచ్చి మా అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చారుగా! బిడ్డ చచ్చిపోతాడన్నారుగా!"

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టారు. తర్వాత మెల్లిగా అన్నారు. "అప్పటికే నా నడుం పడిపోయింది. మీ మామగారు చూస్తే మంచంలో. ఉతకాలి, వండాలి, ఆయన్ని లేపాలి, తుడవాలి. ఇంట్లో చేసే మనిషి కావాలి నాకు. నువ్వు గట్టిగా ఉన్నావు, పైగా ఆస్పత్రి పని తెలిసిన పిల్లవి. వాడు ప్రేమ అన్నాడు. ఏదైతేనేం, మనిషి దొరికిందనుకున్నాను."

ఒళ్ళంతా మండిపోయింది. మామగారు పోయేదాకా ఆరేళ్ళు ఆయన మంచం కింద గిన్నె తీసింది ఈ చేతులే. ఇన్నేళ్ళూ నన్ను అదృష్టవంతురాలన్న ప్రతి మొహమూ కళ్ళ ముందు తిరిగింది. "ఇప్పుడెందుకు చెబుతున్నారు?" అని గట్టిగానే అరిచాను. ఆ ఇంట్లో అత్తయ్య మీద నా గొంతు లేవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు కూడా చెప్పకపోతే నన్ను మనిషంటారా?" అన్నారు ఆవిడ. కళ్ళనిండా నీళ్ళు. "ఇంతకాలం నీచేత చేయించుకున్నాను. ఇంక చాలు. నా ముద్ద నేను ఉడకేసుకోగలను. వాడిది వాడు చూసుకుంటాడు. నువ్వు వెళ్ళు."

పళ్ళెం ముందుకి లాక్కుని అక్కడే కూర్చుని తిన్నాను. పొగలు కక్కుతున్న అన్నం, గిన్నెలో పైపైన తీసిన కూర. అత్తయ్య ఇంకొంచెం వడ్డించారు. చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుని, బ్యాగు తగిలించుకుని ఆయన గది గుమ్మంలో నిలబడ్డాను. చేతిలో పళ్ళెం లేదని చూసుకున్నట్టున్నారు, తల కాస్త ఇటు తిప్పారు.

"డాక్టరుగారికి వస్తానని చెప్పడానికి వెళ్తున్నాను. బస్సులో వెళ్తాను, మీరు లేవకండి. వంటింట్లో అన్నం ఉంది" అన్నాను. "రాత్రికి లైటు వేసుకునే తినండి."