ఏసుమణి సాక్ష్యం

పప్పు రుబ్బుతున్నంతసేపూ ఏసుమణి కళ్ళు చెంబు కింద పెట్టిన కాగితం మీదే ఉన్నాయి. సాయంత్రం చోడవరం చర్చిలో, స్త్రీల కూటంలో, దేవుడు తనకి చేసిన మేలు గురించి ఆమె సాక్ష్యం చెప్పాలి. ఏం చెప్పాలో భర్త దేవకుమార్ రాసి ఇచ్చాడు.

"బట్టీ పట్టేవా? ఒక్క ముక్క మారకూడదు. తడబడితే, ఆఫ్రికా వెళ్ళొచ్చిన మాస్టారి పెళ్ళాం ఇంతేనా అంటారు" అన్నాడు వసారాలోంచి.

"దానికేటి తెలుసురా బాబూ. మూర్ఛొచ్చి పడిపోయినదానికి గుర్తేటుంటాది" అంది అత్తగారు, రోట్లో నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తొంగిచూస్తూ.

ఏసుమణికి పాలుపోనిది అదే. తను పడిపోలేదు.

ఆఫ్రికాలోని గోల్డుకోస్టులో ఒక మిషను బడిలో దేవకుమార్ మూడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాడు. కిందటేడు, పంతొమ్మిదివందల యాభై నాలుగు ఈస్టరు సెలవుల్లో, సముద్రపొడ్డున పాడుబడిన కోట చూడ్డానికి ఇద్దరూ బస్సులో వెళ్ళారు. పూర్వం దొరలు మనుషుల్ని కొని ఓడలకెక్కించిన కోట. ఒక చేత్తో నీళ్ళ కూజా, ఒక చేత్తో పులిహోర కేరేజీ పట్టుకుని ఆమె వెనక నడిచింది. మెట్ల దగ్గరే అతను ఎండకి కళ్ళు తిరిగి, గోడ నీడన కూలబడ్డాడు.

"నువ్వు వెళ్ళి చూసొచ్చి చెప్పు. అన్నీ జాగ్రత్తగా చూడు, ఇంటికి ఉత్తరం రాయాలి."

లోపల కాపలా ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని, నడుం వంచితే తప్ప దూరలేని గదిలోకి తీసుకెళ్ళింది. ఓడ వచ్చేదాకా ఆడవాళ్ళని కుక్కి ఉంచిన గది. ముసలామెకీ ఏసుమణికీ ఒకరి భాష ఒకరికి రాదు. ముసలామె రెండు అరచేతులూ గట్టిగా అదిమి చూపించింది, ఇంత ఇరుకున ఉండేవారని. పైన జానెడు కిటికీ. ముసలామె ఆమె మొహం చూసి, కూజాలో నీళ్ళు తాగించి, కూర్చోమని నేల చూపించి, చప్పుడు చెయ్యకుండా తలుపు చేరవేసి వెళ్ళిపోయింది. ఏసుమణి గోడకి చేరగిలబడి ఏడ్చింది.

ఆ తరువాత జరిగిందే ఇవాళ్టికీ అంతుచిక్కదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి, తననెవరూ పిలవని చోట ఉంది. ఒళ్ళు తేలికై కళ్ళు మూతలు పడ్డాయి. నిద్రపోయింది. ఆ తలుపు తెరుచుకోవాలని ఎందరో ఏడ్చిన చోట, ఆ తలుపు ఎవరూ తొయ్యకూడదని తను కోరుకుంది. అది పాపమా? వాళ్ళ బాధ ముందు తన అలసట ఎంత? ఆ గదికీ తన వంటింటికీ పోలికే లేదు, ఆ మాత్రం తెలుసు. మరి ఆ సుఖం ఎక్కణ్ణించి వచ్చింది?

"ఏవే, కేరేజీ నీతోనే ఉండిపోయింది. ఎంతసేపు?" అన్న కేకకి ఉలిక్కిపడి లేచింది. కిటికీ, ముసలామె చేతులు, అన్నీ భర్తకి చెప్పింది, నిద్ర తప్ప.

ఉత్తరంలో మాత్రం లోపలికి వెళ్ళింది అతను. కేకవేసి పడిపోయింది ఆమె. చేతుల మీద మోసుకొచ్చింది అతను. ఊళ్ళో అందరూ ఆ ఉత్తరం చదివించుకున్నారు. సెలవుకి వచ్చి దిగిన రోజునించీ ఒకటే పలకరింపు, "పాపం, మూర్ఛొచ్చీసిందటగా."

"ఎందుకలా రాసేరు?" అని ఒకసారి అడిగింది.

"నేను గోడ పక్కన కూర్చున్నానని రాయమంటావా? నీకేం నష్టం?" అని నవ్వాడు.

దేవకుమార్ చెడ్డవాడు కాదు. ఆరోజు తిరిగొచ్చేటప్పుడు కూజా తనే మోశాడు. అయినా, గుడిలో నిలబడి జరగనిది జరిగిందని చెప్పడం ఎలాగ? చెప్పకపోతే పదిమందిలో అతని పరువేం కాను?

సాయంత్రం ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. దేవకుమార్ వినడానికి గుమ్మం బయట నిలబడ్డాడు. ఏసుమణి కాగితం విప్పి, "నేను భయముచేత కేక వేసి" అన్నదాకా చదివింది. ఆగింది. బయటినించి దగ్గు వినిపించింది, గుర్తుచేస్తున్నట్టు. ఆమె కాగితం మడిచింది.

"నేను పడిపోనేదు. ఆయన లోపలికి రానేదు. ఆ గదిలో ఒక్కదాన్నే ఏడిసేను. ఏడిసేడిసి నిద్దరోయేను. అలాటి చోట నాకంత నిద్దర ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెల్డం నేదు. మీకెవరికైనా తెలిస్తే సెప్పండి."

సాక్ష్యం స్తోత్రంతో ముగియాలి. ఆమెది ప్రశ్నతో ముగిసింది. బయట చెప్పుల చప్పుడు దూరమైంది.

చెరుకు తోటల్లో కూలికెళ్ళే నరసమ్మ ముందువరసలో కాస్త జరిగి, చాప మీద చోటు చేసింది.

"ఇలగొచ్చి కూకో అమ్మా. ఆ గది సంగతి నాకు తెల్దు. నిద్దర సంగతయితే నేను సెప్తాను."