మేనమామ పోలిక

బెల్లంపల్లి బొగ్గుబావుల్లో కంటికంటే ముక్కు ముఖ్యం. లోపల ఎక్కడో బొగ్గు తనంతట తాను రాజుకునే ముందు ఒక వాసన వదులుతుంది. అది వచ్చిందంటే చేతిలో ఏమున్నా పారేసి పైకి ఉరకాల్సిందే.

పందొమ్మిది వందల అరవై మూడు వేసవిలో ఒక పొద్దున ఆ వాసన వచ్చింది. తట్టలు ఎక్కడివక్కడ పడేసి నూట యాభై మంది ఉరికారు. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా మూలుగుతున్న భూమన్న అందరికంటే ముందు పైకొచ్చాడు. తనకు ఇంకా మోకాళ్ళున్నాయని ఆయనకు ఆ రోజే తెలిసింది. లోపల మిగిలింది ఒక్క కొమురెల్లి. బొగ్గుపెళ్ళ మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. లాక్కుపోవడానికి వెనక్కి వచ్చినవాళ్ళతో, "జర ఆగుండ్రి, ఇంక సగం రొట్టె ఉన్నది" అన్నాడు.

పైన అతణ్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. "గుండె గాదుర నీది, గుండ్రాయి!" అన్నారు. సాయంత్రానికి అతను నిప్పును నోటితో ఊది ఆర్పాడన్నారు. వారం తిరిగేసరికి నిప్పే కొమురెల్లిని చూసి, తప్పయిందని దండం పెట్టి వెనక్కి పోయింది. కొమురెల్లి ఏదీ కాదనలేదు. అసలు సంగతి చెప్పడం కంటే వీరుడిగా ఉండటం సుఖం.

అసలు సంగతి, వాసనంటే ఏమిటో అతనికి పుట్టినప్పటినుంచీ తెలియదు. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే తనూ మూసుకునేవాడు. వాళ్ళు "ఆహా" అంటే తనూ "ఆహా" అనేవాడు. అందరి ముక్కులూ ఇలాగే పనిచేస్తాయనీ, ఆ "ఆహా" ఒక మర్యాద మాత్రమేననీ పన్నెండేళ్ళ దాకా నమ్మాడు.

ఇరవై రెండేళ్ళు నిండినా గొంతు మారలేదు, మీసం మొలవలేదు. మంగలి హనుమండ్లు ప్రతి ఆదివారం ఆ చెంపల మీద సబ్బు రాసి, కత్తిని తిరగేసి మొద్దువైపుతో గీసేవాడు.

"ఏం దొరికిందే, హనుమండ్లన్నా?"

"సబ్బు దొరికింది" అనేవాడు హనుమండ్లు. "ఫికర్ జెయ్యకు తమ్మీ. పోయినవారం సబ్బు గూడ గింత మంచిగ రాలే."

తల్లి సమ్మవ్వకు మాత్రం దిగులు లేదు. "నా కొడుకు అచ్చం మేనమామ పోలిక. మేనమామ పోలికొచ్చిన మొగపిలగాడు అదృష్టవంతుడు" అని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట పుట్టిన నాటినుంచి కొమురెల్లి నుదుటి మీద బొట్టులా ఉంది.

ఆ మేనమామ, సమ్మవ్వ తమ్ముడు, జమ్మికుంట లింగమూర్తి. రెండేళ్ళ కింద పోయాడు. చేతులు మోకాళ్ళ దాకా ఉండేవి. గొంతు పదేళ్ళ ఆడపిల్లది. నలభై ఏళ్ళొచ్చినా చెంపమీద ఈగ వాలితే కాలు జారేది. ముగ్గురిని చేసుకున్నాడు. మొదటి ఇద్దరినీ గొడ్రాళ్ళని పంపించేశారు. మూడో భార్య నాగవ్వ ఐదేళ్ళు ఆ మాట పడి, ఒక మధ్యాహ్నం నీళ్ళు చేదబోయి కాలు జారి బావిలో పడిందని ఊరు చెప్పుకుంటుంది. బిందె మాత్రం ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు కొమురెల్లికి పెళ్ళి కుదిరింది. పిల్ల హుజూరాబాద్‌లో ఉన్న మేనత్త పోశవ్వ బిడ్డ అనసూర్య. ఇంకా నెలన్నర ఉంది.

అంగడి రోజున చింతపండు కొనడానికి పోయి ఒక కుప్ప ముందు ఆగాడు. అమ్ముతున్నది లింగమూర్తి మొదటి భార్య కనకవ్వ. పదేళ్ళ కింద మారుమనువు పోయింది. వెనక ఐదుగురు పిల్లలు మెట్ల వరసలా నిలబడి ఉన్నారు. ఐదుగురికీ ఆవిడ ముక్కే.

"గీళ్ళెవలత్తా?"

"గొడ్రాలి పిల్లలు" అంది కనకవ్వ. "మీ అవ్వకు జెప్పు, ఆరోది కడుపుల ఉన్నదని."

కొమురెల్లి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆవిడ అతని చెంపలవైపు కాసేపు చూసింది. తక్కెడ పక్కన పెట్టింది.

"అల్లుడా, ఒకటడుగుత. నీకు మల్లెపువ్వుకు, పెండకు ఫరక్ తెలుస్తదా?"

"ఎందుకు తెల్వదు? ఒకటి తెల్లగుంటది."

"కండ్లు మూస్తే?"

అతను కుప్పలోంచి ఒక చింతగింజ ఏరి పక్కన పెట్టాడు.

"మీ మామకు తెల్వకపోతుండె. పెండ్లైన తొలినాడు నా జడల పూలు తీసి, గివి తినేటియా అనడిగిండు." కనకవ్వ చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది. అతని చేయి వెంటనే వదల్లేదు. "నాగవ్వకు గీ ముచ్చట జెప్పేదుండె. జెప్పకపోతిని. బాయి దాక పోతదని ఎవలకు ఎరుక?"

మర్నాడు కొమురెల్లి దవాఖానకు పోయాడు. కోస్తా నుంచి వచ్చిన ముసలి డాక్టరు అతణ్ని పూర్తిగా పరీక్షించి, కళ్ళు మూసుకోమని ముక్కు దగ్గర నాలుగు సీసాలు పెట్టాడు. కొమురెల్లి నాలుగింటికీ "ఆహా" అన్నాడు. వాటిలో ఒకటి ఫినాయిలు, ఒకటి ఖాళీ సీసా.

"మగతనం నిద్రలేవాలంటే తలలోనుంచి ఒక కబురు రావాలి" అన్నాడు డాక్టరు. "నీకా కబురు రాలేదు. అందుకే మీసం లేదు, గొంతు మారలేదు. కొన్ని కుటుంబాల్లో వాసన తెలియకపోవడమూ ఇదీ కలిసే పుడతాయి. ఎందుకో ఇంకా ఎవరికీ తెలియదు. మీ నాన్నకు ఇలా ఉందా?"

"లేదు సార్. బాపుకు మీసాలు గీ చెవులనుంచి గా చెవుల దాక."

"మరి మేనమామకు?"

"నేను అచ్చం మేనమామ పోలిక అంటరు సార్."

డాక్టరు కలం ఆగిపోయింది.

"పిల్లలు?"

"లేరు. ముగ్గురు పెండ్లాలుండె."

డాక్టరు కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "సూదులు వేస్తే మీసం వస్తుంది, గొంతు మారుతుంది. పిల్లలు మాత్రం... ఆ మందు నా దగ్గర లేదు, ఎప్పుడు వస్తుందో చెప్పలేను. ఇది మీ అమ్మవైపు నుంచి వచ్చింది. ఆడవాళ్ళకు ఏమీ కాదు, మోస్తారంతే. కొడుకుల్లో బొమ్మా బొరుసే. నీకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఒక చెల్లె, బాలలక్ష్మి. కాన్పుకు మా ఇంటికొచ్చింది." కొమురెల్లి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "దాని తాన గూడ ఉంటదా సార్?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆడపిల్ల పుట్టాలని కోరుకో" అన్నాడు డాక్టరు.

వారానికి బాలలక్ష్మికి కొడుకు పుట్టాడు.

ఆ సాయంత్రం కొమురెల్లి తల్లిని అడిగాడు. "అవ్వా, లింగమూర్తి మామకు వాసన తెలుస్తుండెనా?"

సమ్మవ్వ బియ్యం చెరుగుతోంది. చేట ఒక్క క్షణం గాలిలో ఆగింది. "మా తమ్మునికేం తక్కువనుకున్నవ్? ఆ ముగ్గురి కడుపులే మంచియి గాకపోయె" అంది. చేట మళ్ళీ ఆడింది, ఈసారి బియ్యం కూడా కింద పడ్డాయి.

ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగ. హుజూరాబాద్ నుంచి పోశవ్వ, అనసూర్య, బండెడు చుట్టాలు వచ్చారు. పిల్లవాణ్ని తొట్టెల్లో వేసి పాటలు పాడుతుంటే కొమురెల్లి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేనొక మాట జెప్తున్న, ఇనుండ్రి. నాకు మీసం రాదు, పిల్లలు పుట్టరు. డాక్టర్ జెప్పిండు. గీ పెండ్లి వద్దు."

ఇల్లు నవ్వులతో ఊగిపోయింది. నవ్వరా మరి? పోయినేడు ఇదే కొమురెల్లి ఇంతే గంభీరంగా, పక్కింటి పెళ్ళిలో పెళ్ళికొడుకుకు జానెడు తోక ఉందని చెప్పి, పెళ్ళికూతురి తాతచేత పెళ్ళికొడుకు ధోతి విప్పించి వెతికించాడు. పోశవ్వ కళ్ళు తుడుచుకుంటూ, "నీ నోట్లె మన్నువడ! నిప్పును భయపెట్టినోడివి, పెండ్లికి భయపడ్తున్నవా?" అంది.

నిజం చెప్పడానికి ఇరవై రెండేళ్ళు ఆగాడు. తీరా చెప్తే అది అతని పరాచికాలన్నింటిలోకీ గొప్పదైంది. నవ్వనిది సమ్మవ్వ ఒక్కతే.

అనసూర్య నవ్వుతూనే అతణ్ని పెరట్లోకి లాక్కుపోయింది. "గిప్పుడు జెప్పు బావా, నేను నచ్చలేదా?"

"నాగవ్వత్త బాయిల ఎందుకు పడ్డదో ఎరికేనా? తప్పు మామది, మాట పడ్డది ఆమె. నాగవ్వత్తకు ఎవ్వలు జెప్పలే. నీకు నేను జెప్తున్న." డాక్టరు చెప్పినదంతా చెప్పాడు, ముక్కు సంగతితో సహా.

అనసూర్య జడలోంచి ఒక మల్లెపువ్వు తీసింది. గూట్లో ఉన్న చిమ్నీ దీపాన్ని గుడ్డపీలికతో తుడిచింది. పీలిక కిరసనాయిలుతో తడిసింది. "కండ్లు మూస్కో. మల్లె ఏ చేతిల ఉన్నది?"

"ఎడమ చేతిల."

ఆమె నవ్వింది. చేతులు మార్చింది, మళ్ళీ అడిగింది. ఐదుసార్లలో మూడుసార్లు తప్పాడు. ఆరోసారి కిరసనాయిలు పీలికను రెండుగా చింపి, రెండు పిడికిళ్ళలోనూ అదే పెట్టి, ముక్కుకు ఆనించినంత దగ్గరగా తెచ్చింది.

కొమురెల్లి చాలాసేపు ఆలోచించాడు. "కుడి చేతిల" అన్నాడు, ఆశగా.

ఈసారి నవ్వు వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి అనసూర్య అతణ్నే చూస్తోంది. కొంగుతో చేతులు తుడుచుకుంది, వేలు వేలునా.

"మంచిగ జెప్పినవ్ బావా" అంది. లోపలికి పోయి అందరి ముందూ నిలబడింది. "అవ్వా, గీ పెండ్లి లేదు. నేనే వద్దంటున్న. నన్నేమన్న అనుండ్రి, బావనేం అనకుండ్రి."

పాట ఆగిపోయింది. పోశవ్వ నోరు తెరిచింది కాని, బిడ్డ మొహం చూసి మూసుకుంది. ఒక ముసలామె తొట్టెల్లోకి వంగి, మాట మార్చడానికి, "సూడుండ్రి, గీడు ఎంత సక్కగున్నడో! అచ్చం మేనమామ పోలికే. అదృష్టవంతుడు" అంది.

సమ్మవ్వ చేయి తొట్టెల తాడు మీద బిగుసుకుంది.

పిల్లవాడు కడుపునొప్పికి ఏడ్వడం మొదలుపెట్టాడు. బాలలక్ష్మి ఇంగువ గడ్డను నీళ్ళతో అరగదీసి, బొడ్డు చుట్టూ రాయబోయింది. గది నిండా ఘాటు లేచినట్టుంది. ఆడవాళ్ళందరూ కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. కొమురెల్లి కూడా, వాళ్ళను చూసి, అలవాటుగా చేయి ఎత్తాడు. ఎత్తిన చేయి సగంలో ఆగింది.

బాలలక్ష్మి రాసే ముందు చెంగు సర్దుకోవడానికి ఇంగువ వేలిని పిల్లవాడి ముక్కు దగ్గరే ఆపింది. వాడి ఏడుపు ఆగింది. మొహం చిట్లించలేదు, తల తిప్పలేదు. మేనమామవైపు చూసి, బోసినోటితో నింపాదిగా ఆవలించాడు.

అనసూర్య చూసింది. సమ్మవ్వ కూడా చూసింది. ఆ గదిలో ఆ ఘాటు అంటని ముక్కులు రెండే ఉన్నాయి.

సమ్మవ్వ తొట్టెలను మళ్ళీ ఊపడం మొదలుపెట్టింది, అవసరమైనదానికంటే గట్టిగా.